పిస్తోలుకు అనుమతి... ప్రేమకు నిషేధం!

ఆ అమ్మాయిలకు కర్రసాము నేర్పారు, గురిచూసి కాల్చడం నేర్పారు, అవసరమైతే సయనైడ్ మింగడమూ నేర్పారు. మనసు పారేసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పారు. 1930ల నాటి బెంగాల్ విప్లవ వనితల కథ ఇది. ఆ నిబంధనను వాళ్లలో కొందరు ఎలా దాటారో కూడా ఇందులోనే ఉంది.

1932 సెప్టెంబరు 24, తెల్లవారుజాము. చిట్టగాంగ్ శివార్లలోని పహార్తలీ యూరోపియన్ క్లబ్బుకు కొద్ది దూరంలో ఒక శవం పడి ఉంది. ఒంటిమీద మగ దుస్తులు. వేషం చూస్తే పంజాబీ కుర్రాడు. పోలీసులు దగ్గరికెళ్లి చూశాకే ఆడపిల్ల అని తెలిసింది. బట్టలు వెతికితే ఒక ఈల, కొన్ని తూటాలు, కరపత్రాలు, క్లబ్బు మీద దాడికి గీసుకున్న పథకం బయటపడ్డాయి. వాటితోపాటు ఒక యువకుడి ఫొటో. ఆ ముఖం పోలీసులకు కొత్తేమీ కాదు. ఏడాది కిందటే కలకత్తా అలీపూర్ జైల్లో ఉరికంబమెక్కిన రామకృష్ణ బిశ్వాస్ అతను.

చనిపోయిన అమ్మాయి ప్రీతిలతా వద్దేదార్. వయసు 21. ఇంట్లో ముద్దుపేరు రాణి. తండ్రి చిట్టగాంగ్ మునిసిపాలిటీలో గుమాస్తా. కలకత్తా బెథూన్ కాలేజీలో తత్వశాస్త్రం చదివి, తర్వాత కొద్ది నెలలు సొంతూరి బాలికల పాఠశాలలో ప్రధానోపాధ్యాయినిగా పనిచేసింది. అలాంటి పంతులమ్మ రాత్రిపూట మగవేషం వేసుకుని, ఏడుగురు కుర్రాళ్లకు నాయకత్వం వహించి, తెల్లదొరల క్లబ్బు మీద బాంబులు వేసి వచ్చింది.

కరపత్రం సరే, తూటాలు సరే. ప్రాణం పోతుందని తెలిసి వెళ్లిన మనిషి, పట్టుబడితే ఆనవాలు దొరుకుతుందని తెలిసిన మనిషి, ఆ ఫొటోను ఎందుకు వెంట తీసుకెళ్లింది?

పగలు కుట్లూ అల్లికలూ

కథ ఢాకాలో మొదలవుతుంది. 1921లో అక్కడ విశ్వవిద్యాలయం తెరిచినప్పుడు ఆడపిల్లలు వచ్చి చదువుతారని ఎవరూ అనుకోలేదు. లీలా నాగ్ అనే అమ్మాయి పట్టుబట్టి ఎం.ఏ. ఇంగ్లిష్‌లో సీటు సంపాదించింది. దాదాపు అందరూ మగపిల్లలే ఉన్న ఆవరణలోకి వెళ్లి, 1923లో పట్టా పుచ్చుకుని బయటికొచ్చింది. అదే ఏడాది డిసెంబరులో పన్నెండుమంది స్నేహితురాళ్లతో ‘దీపాలీ సంఘ్’ పెట్టింది.

బయటికి అది చక్కని మహిళా మండలి. కుట్లు, అల్లికలు, చేతిపనుల ప్రదర్శన, పెద్దవాళ్లకు అక్షరాలు, ఆడపిల్లలకు బడులు. ఏ తండ్రి కాదంటాడు? ‘సంఘానికి వెళ్లొస్తా’ అంటే ఇంట్లో అడ్డుచెప్పేవాళ్లు ఉండరు. లోపలికి వెళ్తే వ్యవహారం వేరు. కర్రసాము, బాకు తిప్పడం అక్కడే నేర్పేవారు. నమ్మకస్తులని తేలినవాళ్లకు తర్వాతి తలుపు తెరుచుకునేది. ఆ తలుపు వెనక ఉన్నది ‘శ్రీ సంఘ్’ అనే విప్లవ బృందం. దాని నాయకుడు అనిల్ రాయ్. ఆడవాళ్లను దగ్గరికే రానివ్వని బెంగాల్ రహస్య సంఘాల్లో, వాళ్లను పూర్తిస్థాయి సభ్యులుగా చేర్చుకున్న తొలి బృందాల్లో అదొకటి. 1930లో అనిల్‌ను పోలీసులు పట్టుకుపోతే పగ్గాలు లీల చేతికొచ్చాయి. మగవాళ్ల విప్లవ సంఘానికి ఒక ఆడపిల్ల అధినేత. ఆ మరుసటి ఏడాది ‘జయశ్రీ’ అనే మహిళా పత్రిక మొదలుపెట్టింది. పేరు పెట్టింది రవీంద్రనాథ్ టాగోర్. ఆ డిసెంబరులోనే లీలనూ తీసుకెళ్లి విచారణ లేకుండా ఆరేళ్లు జైల్లో ఉంచారు.

ఢాకా ఈడెన్ కాలేజీలో ఇంటర్ చదువుతున్నప్పుడు ప్రీతిలత ఈ దీపాలీ సంఘ్‌లోనే చేరింది. ఆ పరీక్షలో ఢాకా బోర్డు అమ్మాయిలందరిలో ఫస్టొచ్చింది కూడా. కలకత్తాలోనూ ఇలాంటిదే ‘ఛాత్రీ సంఘ్’ ఉండేది. 1928లో కల్యాణీ దాస్ వగైరా కాలేజీ అమ్మాయిలు పెట్టుకున్నారు. ఈత, సైకిలు, కర్రసాము పైకి కనిపించే కార్యక్రమాలు. కర్రసాము నేర్పిన దినేశ్ మజుందార్, పోలీసు కమిషనర్ టెగార్ట్ మీద బాంబు వేసిన కేసులో ఇరుక్కుని, జైలు నుంచి తప్పించుకుని, చివరికి 1934లో ఉరికంబం ఎక్కాడు. శిష్యురాళ్లు ఏం నేర్చుకుని ఉంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ శిష్యురాళ్లలో కమలా దాస్‌గుప్తా ఒకరు. మొదట గాంధీగారి సబర్మతి ఆశ్రమానికి వెళ్తానంది. ఇంట్లో ఒప్పుకోలేదు. ఆశ్రమానికి పంపి ఉంటే రాట్నం తిప్పుకుంటూ ఉండేదేమో. ఆ తర్వాత ఇల్లు వదిలి, ఒక మహిళా హాస్టల్లో మేనేజరుగా కుదిరి, అక్కడే బాంబులు దాచి, ఊరంతా చేరవేసే పని పెట్టుకుంది. హాస్టల్ మేనేజరమ్మను, చీర కట్టుకుని బుట్ట పట్టుకుని వెళ్లే మనిషిని ఏ పోలీసు ఆపుతాడు?

అందరూ అన్నలే, అందరూ చెల్లెళ్లే

బెంగాల్ రహస్య సంఘాల్లో పైకి రాయని నియమం ఒకటి ఉండేది. మగవాళ్లంతా అన్నలు, ఆడవాళ్లంతా అక్కలూ చెల్లెళ్లూ. సూర్యసేన్ ‘మాస్టర్‌దా’, నిర్మల్ సేన్ ‘నిర్మల్‌దా’, తారకేశ్వర్ దస్తీదార్ ‘ఫుటుదా’. ఈ వరుసలు కలపడం మర్యాద కోసమే అనుకుంటే పొరపాటు. అవి కంచెలు. అన్నాచెల్లెళ్లని ఒకసారి అనుకున్నాక ఇంకో ఊహకు చోటుండదని నాయకుల లెక్క. పెళ్లయినవాడు భార్య మొహం చూసి వెనకడుగు వేస్తాడు, ప్రేమలో పడ్డవాడు పోలీసులకు చిక్కుతాడు, కాబట్టి బ్రహ్మచర్యమే కవచం.

చిట్టగాంగ్ నాయకుడు సూర్యసేన్ దీన్ని తన మీదే ముందు అమలు చేశాడు. పెద్దల బలవంతం మీద 1919లో పుష్పకుంతలతో పెళ్లయింది. తాళి కట్టాడు, కాపురం చేయలేదు. ఆయన ఖైదీగా ఉన్న రోజుల్లోనే ఆమె టైఫాయిడ్‌తో కన్నుమూసింది. ఈ ఘట్టాన్ని త్యాగమని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నా మట్టుకు నాకు, ఆ త్యాగం ఎవరిదన్న అనుమానం తీరదు. తనకేమీ చెప్పకుండానే దేశానికి ధారపోసిన జీవితం పుష్పకుంతలది.

1930 ఏప్రిల్ 18 రాత్రి సూర్యసేన్ దళం చిట్టగాంగ్ ఆయుధాగారాలను పట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత జలాలాబాద్ కొండ మీద సైన్యంతో పోరాడింది. పన్నెండుమంది కుర్రాళ్లు అక్కడ నేలకొరిగారు. అప్పటికి దళంలో ఆడపిల్లలు లేరు. మగవాళ్లంతా జైలుపాలో, అజ్ఞాతమో అయ్యాకే తలుపు తెరుచుకుంది. ఆడపిల్లల మీద పోలీసుల నిఘా ఉండదు, ఉత్తరాలూ ఆయుధాలూ వాళ్లయితే సులువుగా చేరవేస్తారన్నది మొదటి ఆలోచన. అలా చిన్న పనికి పిలిచిన అమ్మాయిలు పెద్ద పని కావాలని పట్టుబట్టారు. తన చివరి ప్రకటనలో ప్రీతిలత అడిగింది ఇదే: దేశ స్వాతంత్ర్యం కోసం పోరాడడంలో ఆడా మగా తేడా ఎందుకు?

ప్రీతిలత గుండె ఎంత గట్టిదో ఆమె బడి స్నేహితురాలు కల్పనా దత్త ఒక చిన్న సంగతి చెప్పింది. పూజల రోజుల్లో ఒకసారి అందరూ కూడినప్పుడు మేకను కోసే ప్రస్తావన వచ్చింది. ప్రీతిలత తన వల్ల కాదంది. ‘మేకనే కోయలేనిదానివి, విప్లవం ఏం చేస్తావు’ అన్న వేళాకోళం మొదలైంది. దేశం కోసం ప్రాణం ఇవ్వాల్సి వచ్చినా, తీయాల్సి వచ్చినా తాను వెనకాడననీ, ఏ పాపం ఎరుగని జీవాన్ని ఊరికే చంపడం మాత్రం తనవల్ల కాదనీ ఆమె జవాబు.

చెల్లెలి పేరుతో నలభై ములాఖత్‌లు

రామకృష్ణ బిశ్వాస్ చిట్టగాంగ్ కుర్రాడే. చదువులో చురుకు. ఆయుధాగారాల దాడికి కొద్ది నెలల ముందు బాంబులు తయారుచేస్తుంటే పేలి ఒళ్లంతా కాలింది. కోలుకున్నాక అతనికీ కాళీపద చక్రవర్తికీ వేరే పని అప్పగించారు. బెంగాల్ పోలీస్ ఇన్‌స్పెక్టర్ జనరల్ క్రెయిగ్‌ను చాంద్‌పూర్ స్టేషన్లో కాల్చాలి. 1930 డిసెంబరు మొదట్లో ఆ పని మీద వెళ్లారు. రైలు ఆగింది, తుపాకులు పేలాయి. చచ్చింది క్రెయిగ్ కాదు, తారిణీ ముఖర్జీ అనే ఇన్‌స్పెక్టర్. కాళీపదకు ద్వీపాంతరవాసం, రామకృష్ణకు ఉరి.

అలీపూర్ జైల్లో ఉరిశిక్ష ఖైదీ గదిలో అతను ఒంటరిగా ఉన్నాడు. కన్నవాళ్లు ఎక్కడో చిట్టగాంగ్‌లో. కలకత్తా వచ్చి చూసేంత డబ్బు వాళ్ల దగ్గర లేదు. ఆ సంగతి బెథూన్ కాలేజీ హాస్టల్లో ఉన్న ప్రీతిలత చెవిన పడింది. అతనికి దూరపు చెల్లెలినని, పేరు అమితా దాస్ అని జైలు కాగితం మీద రాసి ములాఖత్‌కు దరఖాస్తు పెట్టింది. అధికారులు నమ్మారు. అనుమతిచ్చారు.

అది మొదలు ఉరితీసే దాకా ఆమె దాదాపు నలభై సార్లు వెళ్లింది. ఒక్కసారి ఆలోచించండి. పరీక్షలకు చదువుకునే పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్ల. నిఘా కళ్ల మధ్య, దొంగపేరుతో, దొరికితే తనకూ జైలే అని తెలిసి, రోజులు దగ్గరపడుతున్న మనిషిని చూడ్డానికి మళ్లీ మళ్లీ వెళ్లింది. కాపలావాళ్ల ముందు విప్లవం గురించి మాట్లాడుకోవడం కుదరదు. అన్నాచెల్లెళ్ల నాటకం చెడకుండా ఏం మాట్లాడుకుని ఉంటారో మన ఊహకే వదిలేయాలి. అతని గాంభీర్యం, చావంటే లెక్కలేనితనం, దేవుడి మీద నమ్మకం తనను మార్చేశాయనీ, ఆ కలయికలే తనను విప్లవ మార్గంలో ఎంతో ముందుకు నడిపించాయనీ ఆమె తర్వాత రాసుకుంది.

1931 ఆగస్టు 4న రామకృష్ణను ఉరితీశారు. అతని వ్యక్తిత్వం మీద ఆమె ఒక వ్యాసం రాసింది.

దీన్ని ప్రేమ అనవచ్చా? ప్రీతిలత ఆ పేరు పెట్టలేదు. రాయదు కూడా. సంఘంలో అతను అన్న, జైలు రిజిస్టరులో అతను అన్న, మరో వరుసకు తావే లేదు. సినిమావాళ్లయితే జైలు ఊచల మధ్య పాట పెట్టేస్తారు. మరీ పవిత్రంగా రాసేవాళ్లు ‘ఆదర్శ సోదర ప్రేమ’ అని ముద్ర వేసి బీరువాలో పెట్టేస్తారు. రెండూ నాకు నచ్చవు. నలభై ములాఖత్‌లు ఉన్నాయి, చనిపోయేటప్పుడు ఒంటిమీద ఫొటో ఉంది. పేరు పెట్టకపోయినా అవి అబద్ధం చెప్పవు.

మిగిలిన కథ వేగంగా నడిచింది. 1932 జూన్ 13న ధల్‌ఘాట్ గ్రామంలో సావిత్రీదేవి అనే వితంతువు ఇంట్లో సూర్యసేన్‌ను ప్రీతిలత కలిసింది. అదే రాత్రి సైన్యం ఇంటిని చుట్టుముట్టింది. నిర్మల్ సేన్, అపూర్వ సేన్ చనిపోయారు. అటు కెప్టెన్ కామెరాన్ చనిపోయాడు. సూర్యసేన్, ప్రీతిలత తప్పించుకున్నారు. ఆశ్రయమిచ్చిన పాపానికి సావిత్రీదేవి జైలుకెళ్లింది. ఇలాంటి సావిత్రులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల పేర్లు కేసు కాగితాల్లో తప్ప మరెక్కడా కనపడవు.

సెప్టెంబరు 23 రాత్రి పదిన్నర దాటాక పహార్తలీ క్లబ్బు మీద దాడి. ‘కుక్కలకూ భారతీయులకూ ప్రవేశం లేదు’ అనే బోర్డున్న క్లబ్బుగా అది జనం నోళ్లలో మిగిలింది. సలివన్ అనే తెల్లదొరసాని చనిపోయింది, పదకొండుమంది గాయపడ్డారు. తిరిగి వస్తుంటే ప్రీతిలతకు తూటా తగిలింది. అది ప్రాణం తీసే గాయం కాదని తర్వాత డాక్టర్లు తేల్చారు. ఆమె ఆగలేదు. తన రివాల్వరు తోటివాడి చేతిలో పెట్టి, సయనైడ్ మింగింది.

బోనులో అడిగిన మాట

ఈ దాడికి కల్పనా దత్త కూడా వెళ్లాల్సింది. వారం ముందు, సెప్టెంబరు 17న, మగవేషంలో రెక్కీకి వెళ్లి పహార్తలీ దగ్గర పట్టుబడింది. బెయిలు దొరకగానే అజ్ఞాతంలోకి వెళ్లిపోయింది.

ప్రీతిలతకంటే రెండేళ్లు చిన్న. చిట్టగాంగ్ ఖాస్తగీర్ బాలికల బడిలో ఇద్దరూ కలిసి చదివారు, బ్యాడ్మింటన్ ఆడారు. స్వభావాలు మాత్రం వేరు. రాణి నిదానం, కల్పన గాలివాటు. బెథూన్‌లో సైన్స్ చదివింది. జైలు గోడ పేల్చి ఖైదీలను విడిపించాలని దళం పథకం వేసినప్పుడు, కలకత్తా నుంచి ఆమ్లాలు మోసుకొచ్చి గన్‌కాటన్ తయారుచేసే పనిలో దిగింది. పట్నంలో కెమిస్ట్రీ చదివే అమ్మాయి సీసాలు కొనుక్కుంటే ఎవరికి అనుమానం?

1933 ఫిబ్రవరిలో గైరలా గ్రామంలో సూర్యసేన్ పట్టుబడ్డాడు. ఆనవాలు చెప్పింది నేత్ర సేన్ అనే అదే ఊరి మనిషి. ఆ రాత్రి కల్పన తూటాల మధ్య నుంచి బయటపడింది. తర్వాత కొన్నాళ్లకు నేత్ర సేన్‌ను ఎవరో ఇంట్లోనే నరికి చంపారు. చంపినవాడెవరో చూసిన అతని భార్య చచ్చేదాకా పేరు చెప్పలేదు. ఏ సంఘంలోనూ చేరని, ఏ ప్రమాణమూ చేయని ఇల్లాలు. నా దృష్టిలో ఆ కాలపు అతి కఠినమైన రహస్యం దాచింది ఆమే.

మాస్టర్‌దా జైలుకెళ్లాక దళం తారకేశ్వర్ దస్తీదార్ చేతికొచ్చింది. రామకృష్ణలాగే ఇతనూ బాంబు పేలుడులో ఒళ్లు కాల్చుకుని బతికి బట్టకట్టినవాడు. అతనూ కల్పనా కలిసి ఊరూరూ దాక్కుంటూ తిరిగారు. మూడు నెలలు గడిచాయి. మే 19న గహిరా గ్రామంలో పూర్ణ తాలుక్‌దార్ ఇంటి మీద పోలీసులు విరుచుకుపడ్డారు. ఇంటి యజమాని చనిపోయాడు. వీళ్లిద్దరూ దొరికిపోయారు.

సూర్యసేన్, తారకేశ్వర్, కల్పన ముగ్గురి మీదా ఒకే కేసు. ఏ డెన్‌లోనూ, ఏ అజ్ఞాతవాసంలోనూ, రాత్రిళ్లు పొలాల గట్ల మీద నడిచినప్పుడూ చెప్పని మాటను తారకేశ్వర్ ఈ విచారణ రోజుల్లో చెప్పాడు. నువ్వంటే ఇష్టమన్నాడు. తిరిగొస్తే తనకోసం ఎదురుచూస్తావా అని అడిగాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని ఒప్పుకోలుగానే అతను తీసుకుని ఉంటాడని కల్పన తర్వాతి కాలంలో చెప్పింది.

పక్కన మాస్టర్‌దా ఉన్నాడు. చుట్టూ పోలీసులున్నారు. శిక్ష ఏమిటో అందరికీ తెలుసు. దళం ఉన్నంతకాలం నోరు విప్పని మనిషి, దళమంతా చెదిరిపోయి, కాపాడాల్సిన రహస్యమంటూ ఏదీ మిగలని చోట గుండెలోది బయటపెట్టాడు. ఇంతకాలం నియమాన్ని తప్పలేదు, చివరికి తనను తాను మోసగించుకోనూ లేదు.

1933 ఆగస్టు 14న తీర్పు. సూర్యసేన్‌కు, తారకేశ్వర్‌కు ఉరి. కల్పన వయసు ఇరవై. ఆడపిల్ల అన్న కనికరంతో ద్వీపాంతరవాస శిక్షతో సరిపెట్టారు. 1934 జనవరి 12న చిట్టగాంగ్ జైల్లో ఇద్దరినీ ఉరితీసి, శవాలను కూడా ఇళ్లవాళ్లకు అప్పగించలేదు.

నవలల్లో రాసినట్టు జరగలేదు

ఈ అమ్మాయిలంతా చదివిన నవల ఒకటుంది. శరత్‌చంద్ర ‘పథేర్ దాబీ’. 1926లో పుస్తకంగా వచ్చింది, మరుసటి జనవరిలోనే సర్కారు నిషేధించింది. రంగూన్‌లో ఒక రహస్య సంఘం, దానికి అధ్యక్షురాలు సుమిత్ర, వెనక నడిపించే సవ్యసాచి. సుమిత్ర అతన్ని ప్రేమిస్తుంది, అతను రాయిలా ఉంటాడు. భారతి అనే ఇంకో అమ్మాయి పిరికివాడైన అపూర్వను ప్రేమిస్తుంది. శరత్ అంటే మనకు బెంగాలీ రచయిత కాదు కదా. చక్రపాణి అనువాదాల పుణ్యమా అని ఆయన్ను తెలుగువాడే అనుకున్న పాఠకులు ఒక తరమంతా ఉన్నారు.

సూర్యసేన్‌ను ఉరితీసిన 1934లోనే టాగోర్ ‘చార్ అధ్యాయ్’ రాశాడు. పెళ్లాడనని మాటిచ్చి రహస్య దళంలో చేరిన ‘ఎలా’ అనే అమ్మాయి, ఆమె కోసమే దళంలోకి వచ్చి తన్ను తాను పోగొట్టుకున్న అతీన్. చివరికి ఆమెను చంపే పని అతని మీదే పడుతుంది. విప్లవకారులకు ఈ నవల అస్సలు మింగుడుపడలేదు. జనం ఉరికంబాలెక్కుతుంటే ఈయన తప్పులు వెతుకుతున్నాడని తిట్టారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. అయినా రహస్య సంఘం మనసును కూడా తన ఆస్తిగా రాయించుకుంటుందని టాగోర్ పట్టుకున్న కిటుకు అబద్ధం కాదు. ఆయన పొరబడింది మరో దగ్గర. ప్రేమ పుడితే ఆ మనుషులు విరిగిపోవాల్సిందేనని ఆయన ముగింపు. నిజం మనుషులు విరగలేదు.

ఇప్పుడు ఇంగ్లిష్‌లో ఇదే సరుకుతో బోలెడు ప్రేమ నవలలు వస్తున్నాయి. లండన్ జమీందారీ భవంతులు, సాహస వనితల రహస్య క్లబ్బు, చివరికి ఒక డ్యూకుగారితో పెళ్లి. చదవడానికి సరదాగానే ఉంటాయి. వాటిలో కథానాయికకు పట్టుబడితే పోయేది పరువు. మన బెంగాలీ అమ్మాయిలకు పోయేది మెడ.

మన దగ్గరా ఇలాంటి ముడి ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన మహిళల జ్ఞాపకాలతో 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆయుధం పట్టుకోవడం గురించి ఎంత చెప్పారో, పెళ్లి, పిల్లలు, పార్టీ పెట్టిన షరతుల గురించీ అంత మనసు విప్పి చెప్పారు.

బతికినవాళ్ల పెళ్లిళ్లు

1931 డిసెంబరు 14న కొమిల్లాలో ఇద్దరు బడిపిల్లలు మేజిస్ట్రేట్ స్టీవెన్స్ బంగళాకు వెళ్లారు. ఈత పోటీలకు అనుమతి కావాలని అర్జీ పట్టుకొచ్చామన్నారు. ఆయన కాగితం చూస్తుండగా కాల్చి చంపేశారు. శాంతి ఘోష్‌కు 15 ఏళ్లు, సునీతి చౌధురికి 14. చిన్నపిల్లలని ఉరి తప్పింది. 1939లో విడుదలయ్యారు. సునీతి మళ్లీ పుస్తకం పట్టి ఎంబీబీఎస్ చదివి డాక్టరైంది. ఇద్దరూ తర్వాత పెళ్లి చేసుకుని సంసారాలు చేశారు.

1932 ఫిబ్రవరి 6న కలకత్తా విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో బీనా దాస్ పట్టా తీసుకోవాల్సి ఉంది. గవర్నర్ స్టాన్లీ జాక్సన్ ఉపన్యాసానికి లేవగానే లేచి ఐదుసార్లు కాల్చింది. రివాల్వరు 280 రూపాయలకు కొని తెచ్చిచ్చింది కమలా దాస్‌గుప్తా. జాక్సన్ ఒకప్పుడు ఇంగ్లండ్ క్రికెట్ కెప్టెన్. 1905లో ఐదు టెస్టుల్లోనూ టాస్ గెలిచి యాషెస్ నిలబెట్టుకున్న అదృష్టవంతుడు. ఆ రోజూ అదృష్టం అతనిదే, ఒక్క తూటా తగల్లేదు. బీనకు తొమ్మిదేళ్ల కఠిన శిక్ష పడింది. 1947లో తోటి విప్లవకారుడు జతీశ్ భౌమిక్‌ను పెళ్లాడింది.

అన్నిటికంటే నిదానంగా నడిచిన ప్రేమకథ లీలా నాగ్‌ది. అనిల్ రాయ్‌తో ఆమె పరిచయం ఢాకా విశ్వవిద్యాలయం రోజుల నాటిది. ఒకరు జైల్లో ఉంటే ఒకరు సంఘం నడిపారు. ఆ తర్వాత ఇద్దరూ వేర్వేరు జైళ్లలో ఏళ్లు గడిపారు. ఇద్దరూ బయటికొచ్చాక 1939లో పెళ్లి చేసుకున్నారు. అప్పటికి లీలకు 38. సుభాష్ చంద్రబోస్ ఫార్వర్డ్ బ్లాక్‌లో కలిసి పనిచేశారు. 1946లో లీల రాజ్యాంగ సభకు ఎన్నికైంది. ఆ సభలోని పదిహేనుమంది మహిళల్లో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి కూడా ఉన్నారు. దేశ విభజనను నిరసిస్తూ లీల ఆ పదవి వదిలేసింది. 1952లో అనిల్ పోయాక మరో పద్దెనిమిదేళ్లు ఒంటరిగానే బతికింది.

కల్పన విడుదల కోసం టాగోర్, సి.ఎఫ్. ఆండ్రూస్ ప్రయత్నించారు. 1939లో విడుదలైంది. ఆగిన డిగ్రీ పూర్తిచేసి కమ్యూనిస్టు పార్టీలో చేరింది. 1943లో పార్టీ ప్రధాన కార్యదర్శి పి.సి. జోషీని పెళ్లాడింది. రెండేళ్లకు తన దళం జ్ఞాపకాలు ఇంగ్లిష్ పుస్తకంగా వచ్చాయి. ఒక్కొక్క సహచరుడి గురించి ఒక్కొక్క అధ్యాయం. రామకృష్ణ, ప్రీతిలత, ఫుటుదా అందరూ అందులో మనుషుల్లా కనిపిస్తారు. కోపతాపాలు, హాస్యాలు, భయాలూ ఉన్న మనుషుల్లా.

ఈ సంఘాల చరిత్రను ఇంతకాలం తూటాల లెక్కగానే చదివాం. ఎంతమందిని కాల్చారు, ఎంతమందికి ఉరి, ఎన్నేళ్లు జైలు. ఆడపిల్లలను చేర్చుకుని ఆ సంఘాలు చేసింది గొప్ప పని, వాళ్ల మనసులకు తాళం వేయాలనుకోవడం దండగ పని. ఆ తాళం అందరి మనసులకూ పడలేదు. ఈ కథల్లో ప్రేమ వల్ల ఏ దాడీ ఆగలేదు, ఏ రహస్యమూ బయటపడలేదు. 

ప్రీతిలతకూ బీనకూ రావలసిన డిగ్రీలను బ్రిటిష్ ప్రభుత్వం ఆపేసింది. కలకత్తా విశ్వవిద్యాలయం 2012లో, ఎనభై ఏళ్ల తర్వాత, ఇద్దరికీ వాటిని ప్రకటించింది. మనం చేయగలిగిందీ ఒకటుంది. కల్పన జ్ఞాపకాలు, బీనా దాస్ ‘శృంఖల ఝంకార్’, కమలా దాస్‌గుప్తా ‘రక్తేర్ అక్షరే’ ఆ అమ్మాయిలు తమ చేత్తో తాము రాసుకున్న పుస్తకాలు. శరత్ నాయికలను అంత ఆప్యాయంగా ఇంట్లోకి తెచ్చుకున్న తెలుగు పాఠకులు, అనువాదకులు, ప్రచురణకర్తలు వీటినీ చేతికెత్తుకోవాలి. ఎక్కడ దొరికితే అక్కడ, ఏ భాషలో దొరికితే ఆ భాషలో ముందు చదవండి.